ఇంటిని బడిగా మార్చక్కర్లేదు: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆటతో చదువు

ఆటిజం, మాటల ఆలస్యం, డౌన్ సిండ్రోమ్ లాంటివి ఉన్న నాలుగైదేళ్ల పిల్లల ఇళ్లలో, విజయవాడ అయినా గుంటూరు అయినా, ఈమధ్య ఒక మాట తరచూ వినిపిస్తోంది. "ప్లేస్కూల్లో కుదరలేదండీ. కొన్నాళ్లు ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం." ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఒకటే. "మరి వాడు రోజంతా ఆడుకుంటూనే ఉంటాడు కదా, చదువెప్పుడు?" తాతయ్య అడుగుతాడు, పక్క ఫ్లాటావిడ అడుగుతుంది, రాత్రి నిద్రపట్టక తల్లి తనను తానే అడుగుతుంది.

స్పెషల్ ఎడ్యుకేటర్‌గా ఈ రెండు ఊళ్లలో ఇళ్లకు వెళ్తుంటాను కాబట్టి ఆ ప్రశ్న వెనక ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు. అయితే చిక్కంతా ఆ అడిగే తీరులోనే ఉంది. ఆటను ఒక పక్కన, చదువును ఇంకో పక్కన పెట్టేస్తున్నాం. మధ్యలో థెరపీ వచ్చి చేరుతుంది. వీటన్నిటి మీద హోంస్కూలింగ్ అనే పెద్ద మాట. అన్నీ కలగాపులగమైపోయి చివరికి జరిగేదేమిటంటే, పొద్దున్నే పిల్లాణ్ని బల్ల ముందు కూర్చోబెట్టి ఫ్లాష్ కార్డులు చూపిస్తూ "ఇదేంటి? చెప్పు నాన్నా, ఇదేంటి?" అని అడగడం. కాసేపటికి పిల్లాడు ఏడుస్తాడు, ఇంకాసేపటికి అమ్మ ఏడుస్తుంది.

ఒక్కొక్కటీ విడదీసి చూద్దాం. థెరపీ అంటే ఫలానా ఇబ్బంది అని గుర్తించి, దానికి శిక్షణ పొందిన మనిషి చేసే సాయం. మాట కోసం స్పీచ్ థెరపీ. వేళ్ల పట్టు, ఒంటి నిలకడ, శబ్దాన్నీ స్పర్శనీ తట్టుకోవడం లాంటివాటికి ఆక్యుపేషనల్ థెరపీ, అందరూ ఓటీ అనేది అదే. ఇవి వారంలో కొన్ని గంటలే ఉంటాయి. చదువంటే భాష, లెక్క, చుట్టూ ఉన్న లోకం, నలుగురితో మెలగడం. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. ఆటను ఈ రెండింటి పక్కన మూడో సబ్జెక్టులా చూడకూడదు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలు ఏది నేర్చుకున్నా ఎక్కువగా ఆట దారినే నేర్చుకుంటారు. థెరపీ రూంలో వచ్చిన కొత్త మాట ఒంటబట్టేది కూడా ఇంట్లో ఆడుకునేటప్పుడే.

అందుకే హోంస్కూలింగ్ అనగానే హాల్లో బోర్డు కట్టి, టైంటేబుల్ రాసి, బడిని ఇంటికి తెచ్చే పని పెట్టుకోవద్దంటాను. థెరపీ సెంటర్‌ని తెచ్చిపెట్టే పనీ వద్దు. ఇంటికి ఉన్న బలం వేరు. ఒక్క బిడ్డనే, తొందర లేకుండా చూసే కళ్లు ఇంట్లో ఉంటాయి. బిడ్డ ఏ క్షణంలో దేనికి సిద్ధంగా ఉన్నాడో పాతికమందిని చూసుకునే టీచరమ్మకి ఎలా కనపడుతుంది? ఇంట్లో కనపడుతుంది. అది కూడా పిల్లాడు తనకు నచ్చినట్టు ఆడుకుంటున్నప్పుడే.

ఇది కొత్తగా పుట్టిన ఆలోచనేం కాదు. మరియా మాంటిస్సోరి 1907లో రోములో తన మొదటి బాలల గృహం తెరిచింది. అంతకు ముందు, 1900 ప్రాంతంలో, ఆమె పనిచేసింది బుద్ధి ఎదగలేదని అందరూ పక్కన పెట్టేసిన పిల్లలతో. అలాంటి పిల్లల కోసం ఇటార్, సెగాన్ అనే ఫ్రెంచి వైద్యులు చేసిన పనిని చదువుకుని, ముట్టుకుని, అమర్చి, వేలితో రాసి నేర్చుకునే సామాన్లు తయారు చేయించింది. ఆ పిల్లలు నేర్చుకున్న తీరు చూశాకే అదే పద్ధతి మిగతా పిల్లలకూ తెచ్చింది. ఇవాళ బెజవాడలో కనపడే మాంటిస్సోరి బోర్డులన్నిటి వెనకా ఆ పిల్లలు ఉన్నారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసును ఫౌండేషనల్ స్టేజ్ అని, ఆ ఐదేళ్లూ ఆటపాటలతోనే నేర్పాలని చెప్పింది. మామూలు పిల్లలకే ఆట కావాలని ప్రభుత్వం ఒప్పుకుంటుంటే, నేర్చుకోవడం కష్టమైన పిల్లల దగ్గరికొచ్చేసరికి మనం ఆట మాన్పించి డ్రిల్లు పెంచుతున్నాం. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే.

మూతల వరస

ఈ పిల్లల ఆట చాలాసార్లు ఆటలా కనపడదు. ఒకడు ఫ్యాను కింద నిలబడి రెక్కలే చూస్తుంటాడు. ఒక పాప బీరువా తలుపు తీస్తూ వేస్తూ ఉంటుంది. బొమ్మకారు ఇస్తే నేల మీద నడపకుండా తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటాడు ఇంకొకడు. పెద్దవాళ్లు కంగారుపడి చేతిలోది లాక్కుంటారు. "అలా వదిలేస్తే అలవాటు ముదిరిపోతుంది" అంటారు. నేను అక్కడి నుంచే మొదలుపెట్టమంటాను.

విజయవాడ పటమటలో ఒక ఐదేళ్ల బాబుకి నీళ్ల సీసాల మూతలంటే ప్రాణం. నేల మీద రెండు టైల్స్ కలిసే గీత వెంట వాటిని వరసగా పేర్చుకుంటూ పోతాడు. ఒక్కటి కదిలినా గోల. పిలిస్తే పలకడు, మన మొహం చూడడు. వాళ్లమ్మ మూతలన్నీ డబ్బాలో వేసి అటక మీద పెట్టేసింది. వాటిని మళ్లీ దింపించి, బాబుకి ఎదురుగా కాకుండా పక్కన కూర్చున్నాం. వాడి వరస ముట్టుకోకుండా ఇంకో గీత మీద మా వరస మేం పేర్చుకున్నాం. మొదట వాడు పట్టించుకోలేదు. తర్వాత ఓరగా చూశాడు. ఆ తర్వాత మా వరసలో వంకరగా ఉన్న మూతని వచ్చి సరిచేశాడు. వాడు తనంతట తానుగా ఇంకో మనిషి పనిలోకి వచ్చిన మొదటి క్షణం అది.

అలా కొన్నాళ్లు గడిచాక వాడికి కావలసిన నీలం మూతని వాళ్లమ్మ గుప్పిట్లో పెట్టుకుంది. వాడు వేళ్లు విప్పబోయాడు. ఆమె ఏమీ అనకుండా ఆగింది. వాడు చేతి వంక చూసి, ఒక్క రెప్పపాటు ఆమె కళ్లలోకి చూశాడు. వెంటనే "నీలం మూత!" అని ఇచ్చేసింది. ఒకే వస్తువు మీద ఇద్దరి చూపూ కలవడాన్ని థెరపిస్టులు జాయింట్ అటెన్షన్ అంటారు. మాట రావడానికి పునాదుల్లో అదొకటి. పాత క్యాలెండర్ కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి మూతలు జార్చే ఆట ఆ తర్వాత వచ్చింది. "ఒకటి... రెండు..." అని ఆగి, మూడో మూత పైన పట్టుకుని ఎదురుచూస్తే, ఒకరోజు "మూ" అన్నాడు. మన వంతు, వాళ్ల వంతు, ఆగడం, అడగడం, రంగు, లెక్క, మాట అన్నీ ఆ మూతల్లోనే ఉన్నాయి. ఏ వర్క్‌షీటూ అక్కర్లేకపోయింది.

పద్ధతి అంటూ ఉంటే ఇదే. బిడ్డ ఏం చేస్తున్నాడో చూడాలి, దాంట్లో మనమూ కలవాలి, ఒక్కటంటే ఒక్క కొత్త సంగతి కలపాలి, ఆగాలి. అమెరికాలో స్టాన్లీ గ్రీన్‌స్పాన్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఫ్లోర్‌టైమ్ పేరుతో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి కూడా మూలం ఇలాంటిదే: నేల మీదకు దిగు, బిడ్డ చూపించే దారిలో నడువు. ఆయన ఒక్కో విడతకు ఇరవై నిమిషాల చొప్పున రోజులో చాలాసార్లు కూర్చోమన్నాడు. మన ఇళ్లలో రోజుకు రెండు మూడు విడతలు కుదిరినా మంచిదే.

అన్నిటిలోకీ కష్టమైనది ఆగడం. మాట ఆలస్యంగా వచ్చే పిల్లలకి విన్నది అర్థం చేసుకుని జవాబు కూడదీసుకోవడానికి సమయం పడుతుంది. మనం ఆ లోపే ప్రశ్న మళ్లీ అడుగుతాం, ఇంకో ప్రశ్న కలుపుతాం, చివరికి జవాబు కూడా మనమే చెప్పేస్తాం. మనసులో పది దాకా లెక్కపెట్టండి. ప్రశ్నలు కూడా తగ్గించండి. "ఇది ఏ రంగు?" అంటే పరీక్ష పెట్టినట్టే. "అబ్బో, ఎర్ర మూత దొర్లిపోయింది!" అంటే కబురు చెప్పినట్టు. పిల్లలు పరీక్షకు మొహం తిప్పుకుంటారు, కబురుకు చెవి ఒగ్గుతారు.

ఏ భాషలో మాట్లాడాలి అని చాలామంది అడుగుతారు. ఎలాగూ ఇంగ్లిష్ మీడియమే కదా అని, రెండు భాషలైతే అయోమయపడతాడని ఎవరో చెప్పారని, ఇంట్లో అందరూ తడుముకుంటూ "కమ్ హియర్, సిట్ డౌన్" మొదలుపెడతారు. దాంతో నానమ్మకి ఇక మాటే ఉండదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట అదనంగా వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. మీకు ఊపిరంత సులువుగా వచ్చే భాషలోనే ఆడించండి. చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, దాగుడుమూతలు, వీరీవీరీ గుమ్మడిపండు లాంటి ఆటల్లో మళ్లీ మళ్లీ వచ్చే లయ ఉంటుంది, తర్వాత ఏమొస్తుందో ముందే తెలుస్తుంది. ఈ పిల్లలకి కావలసిందీ అదే. సగం పాడి ఆపితే మిగతా సగం కోసం మీ వంక చూస్తారు.

వంటింట్లో ఉన్నది చాలు

ఆటతో చదువు అనగానే ఆన్‌లైన్లో సెన్సరీ కిట్లు, అంటే చూపుకీ స్పర్శకీ పని పెట్టే బొమ్మల సెట్లు, వెతకడం మొదలవుతుంది. వేలకు వేలు పోసి కొన్న బొమ్మలు అట్టపెట్టెల్లోనే ఉండిపోయిన ఇళ్లు చూశాను. డబ్బున్నా లేకపోయినా మొదట వంటింట్లోకి చూడండి.

ఇడ్లీ రేకుల సంగతే తీసుకోండి. గోధుమపిండి ముద్దలో కాస్త ఉప్పు, రెండు చుక్కల నూనె, చిటికెడు పసుపు వేసి పిసకండి. పిసకడం పిల్లలకే వదిలేస్తే మరీ మంచిది. వేళ్లకి, మణికట్టుకి అంత మంచి పని ఇంకోటి లేదు. చేతికి అంటుకుంటే భరించలేని బిడ్డ అయితే మొదట చెంచాతో నొక్కనివ్వండి, బలవంతంగా చెయ్యి ముంచొద్దు. ఇప్పుడు ఒక్కో గుంటలో ఒక్కో ఉండ. ఒక గుంటకు ఒక ఉండ అనేది చేతికి తెలిశాకే ఒకటి, రెండు, మూడు అనే అంకెలకు అర్థం వస్తుంది. గుంట ఖాళీగా ఉంటే "లేదు", నిండితే "ఉంది". ఉండ పెద్దదైతే పట్టదు. నాన్నకి ఒకటి, అమ్మమ్మకి రెండు అని వడ్డించడం మొదలైతే గుజ్జనగూళ్లు వచ్చేసినట్టే. ఊహించి ఆడడం అక్కడే పుడుతుంది. వామనగుంటల్లో గింజలు పంచే ఆట కూడా లెక్కకు చాలా మంచిది. కానీ నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోని పిల్లలకు చింతగింజలు, గవ్వలు, గోళీలు ప్రమాదం. వాళ్లకు గొంతులోకి జారనంత పెద్ద వస్తువులే ఇవ్వాలి, అప్పుడు కూడా పక్కనే ఉండాలి.

కుదురుగా ఉండలేని పిల్లలకి బరువు పని ఇవ్వండి. సగం నిండిన బకెట్ మోయడం, దిండ్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి లాగడం, తడిబట్టలు పిండడం. కండరాలకు, కీళ్లకు పని తగిలాక చాలామంది పిల్లలు నెమ్మదిస్తారు. ఓటీ చేసే థెరపిస్టులు చేయించేదీ ఇలాంటిదే. గుంటూరు వైపు ఇళ్లకు ఒక్క జాగ్రత్త: ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజుల్లో చేతులు సబ్బుతో కడుక్కున్నాకే పిల్లలతో పిండి ఆటకు కూర్చోండి. కంట్లో కారం పడితే ఆ ఆట వంక బిడ్డ మళ్లీ రాడు.

మన పక్కనే ఉన్న కొండపల్లి బొమ్మల్ని కూడా వాడుకోవచ్చు. తెల్లపొణికి చెక్కతో చేస్తారు కాబట్టి తేలిగ్గా ఉంటాయి. 2007లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంబారీ ఏనుగు, ఎడ్లబండి, పల్లెటూరి మనుషులు. చూసిన దృశ్యాన్ని నేల మీద మళ్లీ పేర్చి కథ చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? వాటికీ నోట్లో పెట్టుకునే వయసు దాటాల్సిందే. రంగు ఉంది, విరిగే ముక్కలున్నాయి.

ఊహతో ఆడే ఆటకు ఇంకో పెద్ద ఉపయోగం ఉంది. జరగబోయేదాన్ని ముందుగా ఆడి చూసుకోవచ్చు. మన ఇళ్లలో పుట్టువెంట్రుకల మొక్కు ఉంటుంది. తల ముట్టుకుంటేనే ఒళ్లు జలదరించే బిడ్డకి కొండ మీద ఆ రద్దీలో, తెలియని మనిషి చేతిలో కత్తి ఎంత భయంగా ఉంటుందో ఆలోచించండి. నలుగురు గట్టిగా పట్టుకుని చేయిస్తే మొక్కు తీరుతుంది, ఆ భయం మాత్రం ఏళ్లపాటు ఉండిపోతుంది. దానికి చాలా రోజుల ముందే ఆట మొదలుపెట్టాలి. ముందు బొమ్మకి గుండు. తర్వాత నాన్న తల మీద దువ్వెన వెనకవైపుతో గీకుతూ "అయిపోయింది!" అనడం. తర్వాత వాడే నాన్నకి గుండు చెయ్యడం. ఆ తర్వాత తడిగుడ్డ వాడి తల మీద ఒక్క క్షణం. చివరికి ఆ ధ్వని, ఆ తడి, ఎంతసేపు పడుతుందన్నదీ వాడికి తెలిసిన సంగతులవుతాయి. దసరా రద్దీ, ఆసుపత్రి, రైలు ప్రయాణం, దేనికైనా ఇదే దారి.

అయితే ఒకే ఆట అందరికీ సరిపోదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికల మీద అదుపు తగ్గడం, ఉన్న పాపకి ముందు ఒంటికి ఆసరా కావాలి. నడుం నిలవనప్పుడు చేతులు ఆడవు. చెంచా కాడకు గుడ్డ మందంగా చుట్టి ఇస్తే పట్టు దొరుకుతుంది. మాట రాకపోయినా రెండు వస్తువులు చూపిస్తే కళ్లతో కావలసింది చెప్పగలదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ దగ్గర కీలు వదులుగా ఉంటుంది కాబట్టి పిల్లిమొగ్గలు, ట్రాంపోలిన్ లాంటివి డాక్టర్ని అడిగాకే. చూపు తక్కువున్న పిల్లలకి నల్లటి పళ్లెంలో తెల్లటి వస్తువులు పెట్టండి. మీ థెరపిస్టుని "ఈ వారం ఇంట్లో ఏ ఆట ఆడించమంటారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా వాళ్ల పనే. స్పెషల్ ఎడ్యుకేటర్‌కీ స్పీచ్ థెరపిస్టుకీ, ఈ పనివాళ్లను నమోదు చేసే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన నంబరు ఉండాలి. అడగడానికి మొహమాటపడొద్దు.

ఫోన్ గురించి క్లుప్తంగా చెప్తాను. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. తక్కువైతే ఇంకా మంచిదంది.

ఎండాకాలంలో మన ఊళ్లలో బయట ఆట అంటే తెల్లారి, మళ్లీ పొద్దుగూకాకే. కృష్ణ ఒడ్డున పడవలు చూడడం, గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు దగ్గర పెలికాన్లనీ కొంగల్నీ చూసొచ్చి ఇంట్లో అలా రెక్కలు చాపి నడవడం, ఇవన్నీ పాఠాలే.

ఇంట్లో చదువుకి ఉన్న అసలు లోపం కూడా చెప్పుకోవాలి. పిల్లలు ఒంటరివాళ్లవుతారు, అమ్మ వాళ్లకన్నా ఒంటరిదవుతుంది. చాలా ఇళ్లలో భారమంతా ఆమె మీదే పడుతుంది. ఉద్యోగం మానేస్తుంది, పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తుంది, రోజంతా బిడ్డలో లోపాలు దిద్దే మనిషిగా మారిపోతుంది. ఒక విడత ఆట కచ్చితంగా నాన్నది కావాలి, ఇంకోటి అమ్మమ్మదో తాతయ్యదో కావాలి. సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆడే పిల్లల్లోంచి ఒక్కరినే, నెమ్మదైనవాళ్లని, ఇంటికి పిలవండి. గుంపులోకి నెట్టొద్దు. అక్కాతమ్ముళ్లు ఉంటే వాళ్లకీ వేరే సమయం ఇవ్వండి, వాళ్లని చిన్న థెరపిస్టులుగా మార్చొద్దు.

చట్టం ఏమంటోంది

ఇక్కడ కూడా రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలది. 2012 సవరణతో, తీవ్ర వైకల్యం లేదా బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలు ఇంటి దగ్గరే చదువు కోరుకునే హక్కు అందులో చేరింది. అంటే బాధ్యత ప్రభుత్వానిది, చదువు చెప్పే చోటు ఇల్లు. తల్లిదండ్రులు తమంతట తాము చేసే హోంస్కూలింగ్ వేరు. దాని గురించి చట్టం విడిగా చెప్పలేదు. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యం అంది కానీ, చేర్చకపోతే వాళ్లకు శిక్ష ఏమీ పెట్టలేదు. ఆరేళ్లలోపు పిల్లల విషయంలో ఆ ప్రశ్నే రాదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా ముందుకెళ్లింది. 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. కాబట్టి "మా దగ్గర ఇలాంటి పిల్లల్ని తీసుకోం" అని ఒక బడి అంటే, గేటు దగ్గర నుంచే తలదించుకుని రావక్కర్లేదు. ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

కాగితాల్లో మొదటిది సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం. సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ తీసుకోవాలి. దాంతోపాటు యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు. ముద్ర పడుతుందేమోనని వాయిదా వేసేవాళ్లుంటారు. కానీ పింఛను దగ్గర నుంచి బడిలో రాయితీల దాకా చాలావాటికి అదే ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత ఉన్నవారికి దివ్యాంగుల పింఛను 2024లో నెలకు 6,000 రూపాయలైంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చు కొంత అందులో వస్తుంది. ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష కింద మండలాల్లో ఈ పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. కదల్లేని పిల్లల ఇళ్లకు టీచర్లు రావడమూ ఆ ఏర్పాటులో భాగమే. ఇంట్లో చదివిస్తున్నా అక్కడ పేరు నమోదు చేయించండి. బడికి ఎప్పటికీ వెళ్లలేకపోయినా దారి మూసుకుపోదు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థలో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానమైన స్థాయిలున్నాయి, పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతి రాయొచ్చు.

నా మటుకు నాకు చిన్నపిల్లల విషయంలో హోంస్కూలింగ్ ఒక దశ. ఎక్కువమంది పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు నలుగురిలోకి వెళ్లాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆలస్యంగా వచ్చినా వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. దానికి ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మార్కులు వద్దు, ఏం చేశాడో రాయండి. "గొట్టం ఆటలో తన వంతు కోసం ఆగాడు." "మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకున్నాడు కానీ గదిలోనే ఉన్నాడు." ఆసరా లేకుండా బాత్రూంకి వెళ్లడం, తెలియని పెద్దమనిషి దగ్గర కాసేపు ఉండగలగడం, కావలసింది ఏదో ఒక రకంగా అడగగలగడం ఆ పుస్తకంలో కనపడడం మొదలైతే బడిని అడిగి చూడొచ్చు. ఇవన్నీ వచ్చాకే చేర్చుకోవాలని చట్టంలో లేదు, బిడ్డకు సులువవుతుందని చెప్తున్నాను. వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలుతోపాటు ఆ నోట్‌బుక్ కూడా టీచర్ చేతిలో పెట్టండి. దేనికి భయపడతాడో, దేనితో నెమ్మదిస్తాడో ఆమెకి ముందే తెలియాలి. మొదటి నెల రోజుకు గంట చాలని, అది కూడా బిడ్డకి ఇష్టమైన ఆటల పీరియడ్‌లో పెట్టమని అడగండి. ఆ గంట కుదురుకున్నాక రెండో గంట మాట ఎత్తండి.